పాత సెయిల్‌బోట్: ముందు వించ్‌లు విప్పండి, ఆ తర్వాతే దీపాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. సియాటిల్‌లో 1978 నాటి క్యాటలీనా 27 అనే 27 అడుగుల తెరచాప పడవ కొన్నారు. ముందున్న ఎరుపు-ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది, మాస్ట్ (తెరచాప స్తంభం) మీది దీపాలు అసలు వెలగడం లేదు. జిబ్ షీట్ వించ్‌లు, అంటే ముందు తెరచాప తాళ్లని చుట్టి లాగే డ్రమ్ములు, రెండూ బరువుగా తిరుగుతున్నాయి, అందులో ఒకటి అప్పుడప్పుడూ టిక్కుమనకుండా జారుతోంది. బల్బులన్నీ తీసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టేస్తే సరిపోతుందా, వించ్‌లు కొత్తవి కొనాలా అని అడిగారు. హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవ నడిపిన అనుభవం తప్ప వించ్ ఉన్న పడవ ఇదే మొదటిదన్నారు.

వించ్‌లు కొనకండి. విప్పి, కడిగి, పాల్‌లూ (డ్రమ్ము వెనక్కి తిరగకుండా ఆపే చిన్న ముక్కలు) వాటి స్ప్రింగులూ మార్చి మళ్లీ బిగించండి. దీపాల విషయంలో మాత్రం బల్బు మార్చి ఊరుకోవద్దు. ముందుదీ వెనకదీ ఫిట్టింగ్‌తో సహా మార్చండి. మాస్ట్ మీద ఏదీ కొనకముందు వైరూ, మాస్ట్ మొదట్లో ఉన్న ప్లగ్గూ చూడండి. ఈ రెండు పనుల్లో వించ్‌లే ముందు. ఎందుకంటే దీపాల కోసం మీరు మాస్ట్ ఎక్కాలి, మిమ్మల్ని పైకి లాగేది వించే.

నేను సియాటిల్‌లో పడవలు నిలిపే షిల్‌షోల్ బే మెరీనాలో చాలా ఏళ్లుగా పాత ఫైబర్‌గ్లాస్ పడవనే నడుపుతున్నాను. నా పడవతో పాటు డాక్ మీద పక్కవాళ్ల వించ్‌లు కూడా విప్పుతుంటాను. కింద రాసిందంతా ఆ పనిలో చూసిందే.

లేజర్‌లో షీటు, అంటే తెరచాపని అదుపుచేసే తాడు, చేత్తోనే పట్టుకుంటాం, గాలి మించితే వదిలేస్తాం. 27 అడుగుల పడవలో ఆ వీలు లేదు. వించ్ తయారీదారులు వాడే లెక్క ఒకటుంది: జెనోవా (పెద్ద ముందు తెరచాప) విస్తీర్ణాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని, గాలి వేగాన్ని నాట్లలో (గంటకి నాటికల్ మైళ్లు) తీసుకుని వర్గం చేసి, రెంటినీ గుణించి, మళ్లీ 0.00431తో గుణిస్తే షీటు మీద పడే బరువు పౌండ్లలో వస్తుంది. 200 చదరపు అడుగుల జెనోవాకి 15 నాట్ల గాలిలో సుమారు 194 పౌండ్లు, అంటే 88 కిలోలు. గాలి 20 నాట్లయితే 345 పౌండ్లు, అంటే 156 కిలోలు. గాలి ఐదు నాట్లు పెరిగేసరికి బరువు రెట్టింపుకి దగ్గరైంది.

ఈ బరువంతా డ్రమ్ములోపల చింతగింజంత ఉండే పాల్‌ల మీద ఆగుతుంది. డ్రమ్ముకి లోపలివైపు పళ్లుంటాయి. పాల్ వెనకున్న సన్నని స్ప్రింగు దాన్ని ఆ పళ్లలోకి నెడుతుంది. డ్రమ్ము ముందుకి తిరిగేటప్పుడు పాల్ ఒక్కో పన్ను దాటుతూ టిక్ టిక్‌మంటుంది, వెనక్కి తిరగబోతే అడ్డంపడి ఆపుతుంది. మీ వించ్ టిక్కుమనకుండా జారుతోందంటే ఒక పాల్ పాత గ్రీజులో అతుక్కుపోయి బయటికి రావడం లేదని అర్థం. మిగిలిన ఒక్క పాలే బరువంతా మోస్తోంది. అది కూడా తప్పితే డ్రమ్ము ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది, దానితో పాటే హ్యాండిల్ కూడా తిరగొచ్చు. దెబ్బ మణికట్టుకో ముఖానికో తగులుతుంది. అందుకే ఈ పని అయ్యేదాకా ఆ వించ్ మీద గాలి ఉన్నరోజు జెనోవా లాగకండి.

విప్పడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ముందు ఒక అట్టపెట్టె తీసుకుని అడుగున వించ్ పట్టేంత రంధ్రం కోసి, వించ్ చుట్టూ తొడిగి టేపు వేయండి. స్ప్రింగు ఎగిరినా, బేరింగ్ జారినా పెట్టెలోనే పడుతుంది, నీళ్లలోకి పోదు. కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) డ్రెయిన్లకి గుడ్డ కుక్కండి. ఫోన్ పక్కన పెట్టుకుని ఒక్కో భాగం తీసేముందు ఫొటో తీయండి. రెండు వించ్‌లూ ఒకేసారి విప్పకండి. ఒకటి పూర్తిగా బిగించాకే రెండోది ముట్టుకోండి. అప్పుడు ఎక్కడ అనుమానం వచ్చినా పక్కనే సరైన నమూనా ఉంటుంది.

పాత ల్యూమార్ కంపెనీ వించ్‌లలో డ్రమ్ముని పైన ఒక సర్‌క్లిప్ (స్ప్రింగులాంటి రింగు) పట్టుకుని ఉంటుంది. కొన్నింటికి చేత్తో తిప్పి తీసే మూత ఉంటుంది. అది తీశాక డ్రమ్ముని నిలువుగా, నెమ్మదిగా పైకెత్తాలి. ఇక్కడ తొందర పనికిరాదు. రోలర్ బేరింగ్ కేజీలు గ్రీజు జిగటకి డ్రమ్ము లోపలే అంటుకుని పైకి వచ్చి, మధ్యలో ఊడి పడతాయి. డ్రమ్ము ఎత్తేటప్పుడు ఇంకో చెయ్యి కింద పెట్టుకోండి.

లోపల కనిపించేది చూసి కంగారుపడకండి. నలభై ఏళ్ల పడవల్లో గ్రీజు మైనంలా గట్టిపడి, ఉప్పుతో కలిసి గోధుమరంగు ముద్దై ఉంటుంది. ముందటి యజమానులు విప్పకుండా పైనుంచే గ్రీజు ఎక్కించి ఉంటే మరీనూ. లోహపు భాగాలన్నీ మినరల్ స్పిరిట్స్‌లోనో కిరోసిన్‌లోనో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో పళ్ల సందుల్లో రుద్దండి. పెట్రోలు వాడొద్దు. ప్లాస్టిక్ బేరింగులు, వాషర్లు ఉంటే వాటికి సబ్బునీళ్లే చాలు. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని ఒక తీగతో పొడిచి తెరవండి. అవి మూసుకుపోతే ఎంత బాగా కడిగినా వించ్ ఉప్పునీళ్లలోనే కూర్చుంటుంది. కడిగిన మురికి ద్రావకం మాత్రం నీళ్లలో పోయకూడదు, సీసాలో పట్టి మెరీనాలో వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

కడిగాక ఒక్కో పాల్‌నీ వెలుతురులో తిప్పి చూడండి. పన్నుకి ఆనే అంచు పదునుగా, చదునుగా ఉండాలి. గుండ్రబడితే మార్చేయాలి. స్ప్రింగులు బాగున్నట్టు కనిపించినా నేను ప్రతిసారీ కొత్తవే వేస్తాను. కొన్ని పదుల డాలర్లకి పాల్‌లూ స్ప్రింగులూ ఉన్న కిట్ దొరుకుతుంది. కొత్త వించ్‌ల జతకి వెయ్యి డాలర్లు దాటుతాయి. గేర్ల పళ్లు విరిగి ఉంటేనో, స్పిండిల్ అరిగి అటూ ఇటూ ఊగుతుంటేనో తప్ప కొత్తవి కొనడం డబ్బు దండగ. ఆనాటి కంచు, క్రోమ్ పూత వేసిన డ్రమ్ములు ఇంకో నలభై ఏళ్లు పనిచేస్తాయి. మీవి బారియంట్ కంపెనీవి అయితే మాత్రం కొంచెం వెతుకులాట తప్పదు. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, విడిభాగాలు చిన్న తయారీదారుల దగ్గరా, పాత పడవల సామాన్లు అమ్మే దుకాణాల్లోనూ చూసుకోవాలి.

తిరిగి బిగించేటప్పుడు అందరూ తడబడేది ఒక్కచోటే. గేర్లకి గ్రీజు, పాల్‌లకి నూనె. పాల్‌లకి గ్రీజు పెట్టకూడదు. గేర్ల పళ్లకీ రోలర్లకీ వించ్ గ్రీజు చిన్న బ్రష్‌తో పల్చగా, లోహం మెరుపు కనిపించేంత పల్చగా రాస్తే చాలు. పాల్‌లకి పల్చని నూనె ఒక్క చుక్క. మామూలు బండి గ్రీజు ఇక్కడి చలికి ఇంకా గట్టిపడుతుంది, అప్పుడు స్ప్రింగు ఎంత కొత్తదైనా పాల్‌ని నెట్టలేదు. పాల్‌ని దాని గూట్లో పెట్టాక వేలితో లోపలికి నొక్కి వదలండి. టక్కున దానంతటదే బయటికి రావాలి. నిదానంగా వస్తే గూడు మళ్లీ తుడవండి. పాల్ తిరగేసి పెట్టడానికి కూడా వీలుంటుంది కాబట్టి ఫొటోతో సరిచూసుకోండి.

డ్రమ్ము ఎక్కించాక చేత్తో తిప్పితే సవ్యదిశలో సమంగా టిక్కుమనాలి, అపసవ్యదిశలో కదలకూడదు. రెండు స్పీడ్లదైతే హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూడండి, ఎటు తిప్పినా డ్రమ్ము సవ్యదిశలోనే పోవాలి. ఆ తర్వాత తాడు మూడు చుట్లు వేసి, డాక్ దగ్గర ఉండగానే ఎదురుగా ఉన్న క్లీట్‌కి (తాడు కట్టే కొక్కేనికి) కట్టి బిగించి చూడండి. అదే రోజు వించ్ అడుగు బోల్టుల్ని కింది నుంచి కూడా తడమండి. నట్లు వదులుగా ఉన్నా, చుట్టూ తడి మరక ఉన్నా, ఆ బోల్టులు తీసి సీలెంట్ వేసి మళ్లీ బిగించాలి. షిల్‌షోల్ లాంటి ఉప్పునీళ్లలో ఉంచే పడవకి ఈ పని ఏడాదికోసారి చేయాలి. లేక్ యూనియన్ లాంటి మంచినీళ్ల సరస్సులో ఉంచితే కొంత ఆలస్యమైనా నడుస్తుంది.

ఇక దీపాలు.

మీ పడవ పొడవు 8 మీటర్ల పైచిలుకు. లేక్ యూనియన్, లేక్ వాషింగ్టన్‌తో సహా సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయ జలాలన్నిటికీ అంతర్జాతీయ నియమాలే వర్తిస్తాయి, అమెరికా లోపలి జలాల నియమాలు కావు. వాటి ప్రకారం తెరచాప మీద పోతున్నప్పుడు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు ఉండాలి. 20 మీటర్లలోపు పడవలు ఈ మూడింటినీ కలిపి మాస్ట్ కొసన ఒకే ట్రైకలర్‌గా పెట్టుకోవచ్చు. ఇంజిన్ వేసిన మరుక్షణం, తెరచాప పైన ఉన్నా సరే, మీది ఇంజిన్ పడవ కిందే లెక్క. అప్పుడు మాస్ట్ మీద ముందుకి చూసే స్టీమింగ్ లైటు కూడా వెలగాలి, ట్రైకలర్ ఆరిపోవాలి. ట్రైకలర్‌నీ స్టీమింగ్ లైటునీ కలిపి వెలిగించుకుని వచ్చే పడవలు ఇక్కడ ఎన్నో కనిపిస్తాయి. అలా ఇంజిన్ మీద పోవడం నియమానికి విరుద్ధం. తెల్ల దీపం కింద రంగులుండాల్సింది పోయి రంగులు పైకెక్కుతాయి, చూసేవాళ్లకి అది ఏ పడవో అంతుపట్టదు.

12 మీటర్లలోపు పడవకి ఇంకో వెసులుబాటు ఉంది. స్టీమింగ్ లైటు, వెనక లైటు బదులు చుట్టూ కనిపించే ఒకే తెల్ల దీపం, దానితో పాటు ఎరుపు-ఆకుపచ్చ ఉంటే చాలు. అంటే స్టీమింగ్ లైటు పోయిన రాత్రి మాస్ట్ కొసనున్న యాంకర్ లైటునీ (లంగరు వేసినప్పుడు వెలిగించే, చుట్టూ కనిపించే తెల్ల దీపం) ముందు దీపాన్నీ వెలిగించి, వెనక దీపం ఆర్పేసి ఇంజిన్ మీద నియమబద్ధంగానే ఇంటికి రావచ్చు.

బల్బు మారిస్తే సరిపోదని ఎందుకంటున్నానో చెప్తాను. మీ పడవ పొడవుకి నియమం అడిగేది పక్క దీపాలు కనీసం ఒక నాటికల్ మైలు, వెనక దీపం రెండు మైళ్లు కనిపించాలని. బెయిన్‌బ్రిడ్జ్ దీవి వైపు వెళ్లే పెద్ద ఫెర్రీలు 18 నాట్ల దాకా పోతాయి. ఆ వేగానికి ఒక మైలు అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అందులోనే మిమ్మల్ని చూడాలి, ఏమిటో పోల్చుకోవాలి, తిప్పాలి. పాత దీపం అద్దం ప్లాస్టిక్‌ది. ఎండకి సన్నని పగుళ్లు పట్టి మసకబారుతుంది, ఆకుపచ్చ వెలిసిపోతుంది. మా డాక్ మీద ఒక పాత పడవ కుడి దీపం దగ్గరికెళ్తే లేత ఆకుపచ్చ, వంద గజాల నుంచి చూస్తే అచ్చంగా తెలుపు. ఒంటరి తెల్ల దీపమంటే చూసేవాడికి అది లంగరు వేసిన పడవో, మరో పడవ వెనక దీపమో. తన ముందుకు అడ్డంగా వస్తున్న పడవ అని అనుకోడు.

ఆ అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఇంకా చెడుతుంది. పాత ఫిలమెంటు బల్బు కాంతిలో ఎరుపు పాలు ఎక్కువ, రంగు అద్దాలు దాన్ని లెక్కలోకి తీసుకునే చేశారు. చల్లని తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు తక్కువ, నీలం ఎక్కువ. దాంతో ఎరుపు దీపం గుడ్డిదవుతుంది, ఆకుపచ్చ నీలానికి తిరుగుతుంది. పైగా ఫిలమెంటు ఉన్నచోటికి సరిగ్గా ఎల్‌ఈడీ రాకపోతే ఎరుపు, ఆకుపచ్చ విడిపోయే గీత కూడా జరుగుతుంది. అందుకే యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం, రెండు మైళ్లు అని అచ్చు ఉన్న సీలు చేసిన ఎల్‌ఈడీ ఫిట్టింగే కొనండి. నియమం ఒక మైలే అడిగినా ప్యూజెట్ సౌండ్‌లో రెండు మైళ్లదే తీసుకోవాలని నా అభిప్రాయం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, వాన ఉండనే ఉంటుంది.

డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు దీపం, రెండోదానికి ఉంటే వెనక దీపం కొనండి. అవి తెరచాపకీ పనికొస్తాయి, ఇంజిన్‌కీ పనికొస్తాయి. ట్రైకలర్ బయటి సముద్రంలో గొప్ప సాధనం, ఎత్తున ఉంటుంది కాబట్టి అలలు అడ్డురావు. కానీ సియాటిల్ ముందు ఆ ఎత్తున ఉన్న దీపం ఊరి దీపాల్లో కలిసిపోతుంది, దగ్గరికొచ్చిన చిన్న పడవవాడు తల పైకెత్తి చూడడు. మీలా సాయంత్రాలు తిరిగేవాళ్లకి నేను దాన్ని చివరికి వదిలేస్తాను.

ముందు దీపం బిగించేటప్పుడు పడవ నడిమి గీతకి సరిగ్గా ఉందో లేదో చూడండి. చీకటి పడ్డాక డాక్ మీద పడవకి ఎదురుగా నిలబడితే రెండు రంగులూ కనిపించాలి. ఎడమకో కుడికో రెండు మూడు అడుగులు వేసేసరికి ఒక రంగు మాయమవ్వాలి. అవ్వకపోతే ఫిట్టింగ్ వంకరగా ఉన్నట్టే.

మాస్ట్ దీపాలన్నీ ఒకేసారి పోయాయంటే నా అనుమానం బల్బుల మీద కాదు. మీ పడవలో మాస్ట్ డెక్ మీదే నిలబడుతుంది, వైర్లు దాని మొదట్లో ఒక ప్లగ్గు ద్వారా కిందికి దిగుతాయి. మా డాక్ మీద ఒకాయన కొత్త యాంకర్ లైటూ, స్టీమింగ్ లైటూ కొని, మాస్ట్ ఎక్కి బిగించినా రెండూ వెలగలేదు. కింద ప్లగ్గు విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుం, ఒక పిన్ను ముట్టుకోగానే విరిగింది. పాత బల్బులు రెండూ బాగానే ఉన్నాయి.

ఇది పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు, కానీ దీపం కనెక్ట్ అయి ఉండగా కొలవండి. లోడు లేకుండా కొలిస్తే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12.6 వోల్టులు చూపిస్తుంది. ఒక పాత 10 వాట్ల బల్బు తగిలించి కొలిస్తే అదే చోట తొమ్మిదో పదో కనిపించవచ్చు. ప్యానెల్ దగ్గర ఒకసారి, ప్లగ్గు దగ్గర ఒకసారి, దీపం దగ్గర ఒకసారి కొలవండి. ఎక్కడ పడిపోయిందో అక్కడే జబ్బు. అమెరికా పడవల ప్రమాణం దీప మార్గంలో మూడు శాతానికి మించి వోల్టేజి పడకూడదంటుంది. ప్లస్‌తో పాటు మైనస్ తిరిగి వచ్చే దారి కూడా చూడండి, పాత ప్యానెళ్లలో సగం తప్పులు అక్కడే.

ఆనాటి వైరుకి తగరపు పూత ఉండదు. పైతొడుగు ఒలిస్తే రాగి నల్లగా ఉంటే, ఎక్కడిదాకా నలుపు ఉందో అక్కడిదాకా కోసేయాలి. మార్చేటప్పుడు తగరపు పూత ఉన్న మెరైన్ వైరు, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ క్రింపులు (వేడి చేస్తే ముడుచుకుని వైరుని మూసే జోడింపులు) వాడండి. ఎలక్ట్రికల్ టేపు చుట్టి వదిలేస్తే ఒక్క శీతాకాలం కూడా ఆగదు. ఇంకో సంగతి, పాత బల్బుకి ప్లస్ మైనస్ తేడా లేదు, కాబట్టి ఎవరో ఎప్పుడో తిరగేసి కలిపి ఉండవచ్చు. ఎల్‌ఈడీ అలా వెలగదు. దీపం పాడైందని తిరిగి పంపేముందు వైర్లు మార్చి చూడండి.

కరెంటు ఆదా నిజంగానే పెద్దది. 10 వాట్ల యాంకర్ లైటు శీతాకాలపు 14 గంటల రాత్రికి పన్నెండు ఆంపియర్-అవర్లు తింటుంది, 2 వాట్ల ఎల్‌ఈడీకి రెండున్నర కూడా కావు.

ఎల్‌ఈడీతో వచ్చే కొత్త బెడద రేడియో. చవక దీపాల్లోని డ్రైవర్ సర్క్యూట్ వీహెచ్‌ఎఫ్ (పడవల్లో మాట్లాడుకునే రేడియో), ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల ఆచూకీ చూపే పరికరం) రెంటినీ చెవిటివి చేయగలదు. 2018లో కోస్ట్ గార్డ్ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. వాళ్లు చెప్పిన పరీక్షే నేనూ చేస్తాను: దీపాలు ఆర్పి, రేడియోని 13 లాంటి సద్దు లేని ఛానెల్‌లో పెట్టి, స్క్వెల్చ్‌ని (రేడియో రొదని అణిచే మీటని) గురగుర వినిపించేదాకా తగ్గించి, మళ్లీ ఆ గురగుర ఆగేంత వరకు మాత్రమే పెంచండి. ఇప్పుడు దీపం వేయండి. గురగుర తిరిగొస్తే ఆ దీపం పనికిరాదు. మాస్ట్ కొసన దీపం యాంటెనా పక్కనే ఉంటుంది కాబట్టి పైకి ఎక్కించకముందే కింద యాంటెనా కేబుల్ దగ్గర పెట్టి ఈ పరీక్ష చేయండి, ఎక్కించాక ఇంకోసారి చేయండి.

మాస్ట్ ఎక్కడం గురించి. వీలైతే మాస్ట్ దించిన రోజే ఈ పని పెట్టుకోండి. ఎక్కక తప్పకపోతే బోసన్ చైర్‌ని (మనిషిని కూర్చోబెట్టి పైకి లాగే కుర్చీని) మెయిన్ హాలియార్డ్‌కీ, అంటే పెద్ద తెరచాపని పైకెత్తే తాడుకీ, విడిగా ఒక హార్నెస్‌ని (ఒంటికి తొడిగే రక్షణ పట్టీలని) జిబ్ హాలియార్డ్‌కీ కట్టుకోండి. తాడు కొసనున్న లోహపు షాకిల్‌ని నమ్మకండి, ముడి వేయండి. లాగడానికి ఇద్దరు ఉండాలి, ఒకరు హ్యాండిల్ తిప్పడానికి, ఒకరు తాడు కొస పట్టి ఆగినప్పుడల్లా క్లీట్‌కి కట్టడానికి. హాలియార్డ్ వించ్‌ని కూడా షీట్ వించ్‌లలాగే విప్పి కడిగి, బిగించి, పరీక్షించాకే దాని మీద మనిషి ఎక్కాలి. పైకి పట్టుకెళ్లే ప్రతి పనిముట్టుకీ దారం కట్టండి, కింద ఉన్నవాళ్లు మాస్ట్ మొదట్లో నిలబడకుండా చూడండి. అల్యూమినియం మాస్ట్‌లోకి స్టీలు స్క్రూలు దింపేముందు వాటి మరలకి టెఫ్‌జెల్ అనే తుప్పు నిరోధక పేస్టు రాయండి, లేకపోతే రెండు లోహాలూ ఉప్పులో తిని అతుక్కుపోయి, ఈసారి తీయాల్సి వస్తే స్క్రూ తల తెగుతుంది.

క్యాబిన్ లోపలికి మాత్రం మీరనుకున్నట్టే ఎల్‌ఈడీ బల్బులు వేసేయండి, అక్కడ నియమాలేవీ అడ్డురావు. 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు కాంతివి తీసుకోండి. పెట్టె మీద 10 నుంచి 30 వోల్టులు అని రాసి ఉన్నవే కొనండి, ఛార్జర్ 14.4 వోల్టులకి ఎక్కినప్పుడు చవకవి మాడిపోతాయి. చార్ట్ టేబుల్ దగ్గర ఒక ఎర్ర దీపం పెట్టుకుంటే రాత్రి కాక్‌పిట్‌లోకి వచ్చాక కళ్లు చీకటికి మళ్లీ అలవాటుపడే దాకా ఆగక్కర్లేదు. అన్నట్టు, రేడియో పరీక్ష ఈ క్యాబిన్ బల్బులకి కూడా ఒకసారి చేయండి.